లేచింది మొదలు పడుకునేదాకా... స్పానిష్‌లో

'ముఖం కడుక్కున్నాను.'

తెల్లారితే ప్రతి ఇంట్లో వినిపించే మాట ఇది. ఎవరి ముఖం? 'నా' అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఉండనక్కర్లేదు కూడా. 'కడుక్కున్నాను' అనగానే ఆ ముఖం చెప్పినవాళ్లదేనని తేలిపోయింది. 'నా ముఖం కడుక్కున్నాను' అంటే తెలుగు చెవికి ఎబ్బెట్టుగా తగులుతుంది. ఇంగ్లిష్‌లో మాత్రం 'మై ఫేస్' అని చెప్పి తీరాలి.

ఇదే మాటను స్పానిష్‌లో 'మె లవే ల కారా' అంటారు. 'కారా' అంటే ముఖం, 'లవే' అంటే కడిగాను. 'నా' అన్న మాట అక్కడా లేదు. దాని బదులు వాక్యం మొదట్లో 'మె' అనే చిన్న ముక్క కూర్చుని ఉంది. కడిగిన చేయి, కడిగించుకున్న ముఖం ఒకే మనిషివని చెప్పడం దాని పని. తెలుగులో ఆ పనిని క్రియ చివర చేరే 'కొను' చేస్తుంది. వేల మైళ్ల దూరంలో, ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు ముఖం కడుక్కునే విషయంలో ఒకేలా ఆలోచించాయి.

దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష, 20 దేశాల్లో అధికార భాష అయిన స్పానిష్‌ను ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకున్నా మొదటి కొన్ని నెలల్లోనే ఒక పాఠం ఎదురవుతుంది. ఎన్నింటికి లేస్తారు, పళ్లు ఎప్పుడు తోముకుంటారు, ఇల్లు ఎవరు ఊడుస్తారు, చెత్త ఎవరు పారేస్తారు... ఇదీ ఆ పాఠం. భాషా సామర్థ్యాన్ని ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా విడగొట్టిన ఐరోపా ప్రమాణపత్రం 2001లో వచ్చింది. తన రోజు ఎలా గడుస్తుందో చిన్న చిన్న మాటల్లో చెప్పగలగడం అందులో తొలి రెండు మెట్లకు చెందిన పని. స్పెయిన్ ప్రభుత్వం 1991లో నెలకొల్పిన సెర్వాంతెస్ సంస్థ నడిపే 'దెలె' పరీక్షలూ ఈ మెట్ల ప్రకారమే జరుగుతాయి. ఆ సంస్థకు ఢిల్లీలో కేంద్రం ఉంది. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో స్పానిష్‌ను డిగ్రీ, పీజీ స్థాయిల్లో చెబుతారు.

పాఠం చూడ్డానికి తేలికే. తడబాటు మాత్రం ఇక్కడే మొదలవుతుంది. ఇంగ్లిష్ మీదుగా స్పానిష్ నేర్చుకునేవాళ్లు 'లావో మి కారా' అనేస్తారు. 'నా ముఖాన్ని కడుగుతాను' అన్నట్టు ఉంటుంది అది. మాట అర్థమవుతుంది, కానీ స్పానిష్‌వాళ్లు అలా అనరు. తెలుగు పిల్లలు కూడా ఇదే తప్పు చేస్తున్నారంటే కారణం వాళ్ల తెలుగు కాదు, మధ్యలో నిలబడిన ఇంగ్లిష్. ఇంటి తలుపు తెరిచే ఉంటే వీధి చుట్టూ తిరిగి దొడ్డిగుమ్మం నుంచి వెళ్లినట్టుంది మన స్పానిష్ చదువు.

మేల్కొలుపు నుంచి మేల్కొనడం దాకా

స్పానిష్‌లో 'లవార్' అంటే కడగడం, 'లవార్సె' అంటే కడుక్కోవడం. చివర చేరిన 'సె' ఒక్కటే తేడా. 'పెయ్‌నార్' అంటే దువ్వడం, 'పెయ్‌నార్సె' అంటే దువ్వుకోవడం. బడికి వెళ్లే కూతురికి తల దువ్వే అమ్మ చేసేది మొదటిది. ఆ తర్వాత హడావిడిగా అద్దం ముందు నిలబడి చేసేది రెండోది. ఈ తేడా తెలుగు పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. మూడేళ్ల పిల్ల కూడా 'నువ్వు దువ్వొద్దు, నేనే దువ్వుకుంటా' అంటుంది.

రోజును వరసగా తీసుకుంటే పోలిక ఇంకా స్పష్టమవుతుంది. తెల్లవారుజామున గుళ్లో వినిపించేది మేలుకొలుపు. ఇంకొకరిని లేపడం అది. స్పానిష్‌లో దాన్ని 'దెస్పెర్తార్' అంటారు. ఎవరూ లేపకుండా తనంతట తాను కళ్లు తెరవడం మేల్కొనడం, అది 'దెస్పెర్తార్సె'. పళ్లు తోముకోవడం 'సెపియార్సె లోస్ దియెంతెస్'. గడ్డం గీసుకోవడం 'అఫెయ్‌తార్సె'. చొక్కా వేసుకోవడం 'పొనేర్సె ల కమీసా'. కుర్చీలో కూర్చోవడం 'సెంతార్సె'. రాత్రికి పడుకోవడం 'అకొస్తార్సె'. మేల్కొనడంలోని 'కొను'తో మొదలైన తెలుగు రోజు పడుకోవడంలోని 'కొను'తో ముగుస్తుంది. స్పానిష్ రోజుకు కూడా అటూ ఇటూ 'సె'యే కాపలా.

'కొను'కు తెలుగులో సొంత బతుకు కూడా ఉంది. డబ్బిచ్చి తీసుకోవడం దాని అర్థం. అందుకే 'కొనుక్కున్నాను' అన్న మాటలో 'కొను' రెండుసార్లు వస్తుంది. మొదటిది బజారు పని, రెండోది ఆ కొన్న సరుకు తనకోసమేనన్న సంగతి. స్పానిష్‌లోనూ 'కొంప్రార్' అంటే కొనడం. 'మె కొంప్రే ఉన కమీసా' అంటే చొక్కా కొనుక్కున్నాను. 'ఐ బాట్ మైసెల్ఫ్ ఎ షర్ట్' అని ఇంగ్లిష్‌లో సాగదీస్తే గానీ రాని భావం ఇక్కడ ఒక్క అక్షరంతో పలికింది. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు 'కొను' తీరు తెలిసే ఉంటుంది. స్పానిష్ నేర్పేవాళ్ల బల్ల మీద కూడా ఉండాల్సిన పుస్తకమది.

అయితే పోలిక అన్నిచోట్లా సరిపోదు. లేవడం స్పానిష్‌లో 'లెవంతార్సె', అంటే తనను తాను లేపుకోవడం. తెలుగులో 'లేచాను' అంటే చాలు, 'కొను' అక్కర్లేదు. స్నానం కూడా అంతే. స్పానిష్‌లో 'దుచార్సె' అనాలి, తెలుగులో 'స్నానం చేశాను' అంటాం. అసలు దారే ఒక్కోచోట తిరగబడుతుంది. పిల్లాణ్ని పడుకోబెట్టడం అనాలంటే స్పానిష్‌లో 'సె' తీసేసి 'అకొస్తార్' అంటారు. తెలుగులో 'పడుకో'కు 'బెట్టు' చేరుస్తాం.

తెలుగు ఒక అడుగు ముందున్న చోటు కూడా ఉంది. మంగలి దగ్గరికి వెళ్లి వచ్చినవాడు స్పానిష్‌లో 'మె కొర్తే ఎల్ పెలో' అంటాడు. మాటకు మాట చూస్తే జుట్టు తనే కత్తిరించుకున్నట్టు ఉంటుంది. కత్తెర ఎవరి చేతిలో ఉందో వినేవాళ్లే ఊహించుకోవాలి. తెలుగువాడు 'క్షవరం చేయించుకున్నాను' అంటాడు. 'చేయించు'లో మంగలి ఉన్నాడు, 'కున్నాను'లో ఆ జుట్టు తనదేనన్న సంగతి ఉంది. ఇంత పొందికైన మాట మన నోట రోజూ ఆడుతోందని మనమే గమనించం.

అన్నం మాడిపోయింది!

వంటింట్లో అన్నం మాడితే ఎవరు మాత్రం 'నేను అన్నం మాడ్చాను' అంటారు? 'మాడిపోయింది' అంటారు. చేతిలో గ్లాసు 'పగిలిపోయింది', పొయ్యి మీద పాలు 'పొంగిపోయాయి'. కావాలని చేసింది కాదు, అలా జరిగిపోయిందని చెప్పడానికి తెలుగుకు 'పోవు' అనే సహాయక్రియ ఉంది.

స్పానిష్‌కు ఇక్కడ కూడా 'సె'యే దిక్కు. 'సె మె కెమో ఎల్ అర్రోస్' అంటే అన్నం మాడిపోయింది. 'సె మె రొంపియో ఎల్ వాసో' అంటే గ్లాసు పగిలిపోయింది. అందులో 'మె' అంటే 'నాకు'. తప్పు నాదని కాదు, ఆ నష్టం తగిలింది నాకని. ఇంగ్లిష్ మీదుగా వచ్చే విద్యార్థి ఈ వాక్యం దగ్గర చాలాకాలం ఆగిపోతాడు. తెలుగు మీదుగా వచ్చేవాడికి 'మాడిపోయింది' అన్న ఒక్క మాట చెబితే సగం పని అయినట్టే.

'ఇర్' అంటే వెళ్లడం, 'ఇర్సె' అంటే వెళ్లిపోవడం. 'దొర్మీర్' అంటే నిద్రించడం, 'దొర్మీర్సె' అంటే నిద్రలోకి జారిపోవడం. కాబట్టి జాగ్రత్త పడాల్సింది కూడా ఇక్కడే. తెలుగు 'కొను', 'పోవు' అని రెండుగా విడదీసిన పనిని స్పానిష్ ఒకే 'సె' మీద మోపింది. ఏ 'సె'లో 'కొను' ఉందో, ఏ 'సె'లో 'పోవు' ఉందో చెవికి అలవాటు కావాలి.

ఇష్టాయిష్టాల సంగతి చెప్పనే అక్కర్లేదు. 'మె గుస్తా కొసినార్' అంటే 'నాకు వండటం ఇష్టం'. 'మె ద పెరేసా' అంటే 'నాకు బద్ధకంగా ఉంది'. ఈ రెండు భాషల్లోనూ ఇష్టమూ బద్ధకమూ మనిషి చేసే పనులు కావు, అవి మనిషికి కలుగుతాయి. 'నువ్వు', 'మీరు' తేడా 'తూ', 'ఉస్తెద్' రూపంలో అక్కడా ఉంది. క్రియ చివర చూస్తే ఎవరు చేశారో తెలుస్తుంది కాబట్టి 'నేను', 'నువ్వు' అని ప్రతి వాక్యంలోనూ చెప్పక్కర్లేదు. 'లావో' అంటే కడుగుతాను, 'లావాస్' అంటే కడుగుతావు.

రేపు అంటే పొద్దున్నే

స్పానిష్‌లో 'మన్యానా' అంటే ఉదయం. రేపు అన్నా 'మన్యానా'యే. ఇదెక్కడి గందరగోళమని కొత్తవాళ్లు అడుగుతారు. కానీ తెలుగులో 'రేపు' అసలు అర్థం తెల్లవారుజామే. 'రేపకడ' అన్న పాత మాటలో, 'రేపూ మాపూ' అన్న జంటలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. మాపు సాయంత్రం, రేపు ఉదయం. తర్వాత వచ్చే ఉదయమే మనకు రేపు అయింది, వాళ్లకు మన్యానా అయింది.

తెల్లవారుజామున లేవడానికి స్పానిష్‌లో ఒక్క మాటతో క్రియ ఉంది, 'మద్రుగార్'. భోజనాలకూ అంతే. పొద్దున తినడం 'దెసయునార్', మధ్యాహ్నం 'అల్మొర్సార్', సాయంత్రం ఏదో కొంచెం నోట్లో వేసుకోవడం 'మెరెందార్', రాత్రి 'సెనార్'. తెలుగులో టిఫిన్ చేస్తాం, అన్నం తింటాం, భోంచేస్తాం. పూటకో క్రియ మనకు లేదు. 'దెసయునార్'లో 'అయూనో' అంటే ఉపవాసం. రాత్రి ఉపవాసం విడవడమే వాళ్ల టిఫిన్.

వేళలు మాత్రం తెలుగువాళ్లను ఆశ్చర్యపెడతాయి. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు, మూడు గంటలకు. రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. ప్రభుత్వ టెలివిజన్ ప్రధాన వార్తలు కూడా మధ్యాహ్నం 3కు, రాత్రి 9కి ప్రసారమవుతాయి. దీని వెనక గడియారం కథ ఒకటి ఉంది. స్పెయిన్ భూభాగంలో ఎక్కువ భాగం గ్రీనిచ్ రేఖకు పడమటే ఉంటుంది. లెక్క ప్రకారం లండన్ సమయం పాటించాలి. 1940 మార్చిలో నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాలను గంట ముందుకు జరిపి బెర్లిన్ సమయంతో కలిపింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినా వెనక్కి జరపలేదు. దాంతో అక్కడ సూర్యుడు నడినెత్తికి రావడానికి మధ్యాహ్నం ఒంటిగంట దాటుతుంది, వేసవిలోనైతే రెండు దాటుతుంది. మనుషులు గడియారాన్ని కాక ఎండను చూసి అన్నం తింటున్నారని అనుకుంటే ఆ మూడు గంటల భోజనం వింతగా కనిపించదు. 2016లో అప్పటి ప్రధాని మరియానో రహోయ్ పాత సమయానికి వెళ్దామని, ఆఫీసులు సాయంత్రం ఆరింటికి మూసేద్దామని ప్రతిపాదించారు. ఆ మార్పు రాలేదు.

భోజనం అయ్యాక పళ్లేలు తీయకుండా అలాగే కూర్చుని మాట్లాడుకునే వేళను 'సోబ్రెమేసా' అంటారు. 'బల్ల మీద' అని మాటకు అర్థం. అన్నం తిన్న చేయి ఎండిపోయేదాకా కంచం ముందు కబుర్లాడే తెలుగు ఇళ్లకు ఆ వేళ బాగా తెలుసు, దానికో పేరు మాత్రం మనం పెట్టుకోలేదు. ఇక ప్రపంచమంతా ఎరిగిన 'సియెస్తా', అంటే మధ్యాహ్నపు కునుకు, లాటిన్‌లో 'ఆరో గంట' అన్న మాట నుంచి వచ్చింది. పొద్దు పొడిచింది మొదలు లెక్కపెడితే ఆరో గంటకు మిట్టమధ్యాహ్నం.

అంట్లు తోమే మాట, తుడుపుకర్ర కథ

అంట్లు తోమడాన్ని స్పెయిన్‌లో 'ఫ్రెగార్ లోస్ ప్లాతోస్' అంటారు. 'ఫ్రెగార్' లాటిన్‌లోని రుద్దడం అనే మాట నుంచి పుట్టింది. తోమడమన్నా రుద్దడమే. నీళ్లు పోస్తే సరిపోదు, చేయి ఆడాలన్న సంగతి రెండు మాటల్లోనూ ఉంది. ఇదే మాటను అట్లాంటిక్ దాటించి మెక్సికోకో పెరూకో తీసుకెళ్తే అర్థం మారుతుంది. అక్కడ 'ఫ్రెగార్' అంటే విసిగించడం. అంట్లు తోమాలంటే 'లవార్ లోస్ త్రాస్తెస్' అని మెక్సికోలో అంటారు. ఫ్రిజ్ స్పెయిన్‌లో 'నెవేరా', అర్జెంటీనాలో 'ఎలదేరా'. ఇంటి సామాను పేర్లు ఊరు దాటితే మారడం తెలుగువాళ్లకు కొత్త కాదు.

నేల తుడవడానికి స్పెయిన్‌లో వాడే తుడుపుకర్ర పేరు 'ఫ్రెగోనా'. ఈ ఒక్క మాట వెనక నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. మొదట్లో ఫ్రెగోనా వస్తువు కాదు, మనిషి. గిన్నెలు తోమి, నేల రుద్దే పనమ్మాయి. రచయిత సెర్వాంతెస్ 1613లో అచ్చు వేయించిన కథల సంపుటిలో ఒక కథకు పేరే 'ల ఇలుస్త్రె ఫ్రెగోనా'. ఘనత వహించిన అంట్లపిల్ల అని చెప్పుకోవచ్చు. ఆ తర్వాత శతాబ్దాల పాటు స్పెయిన్ ఆడవాళ్లు తడిగుడ్డ పట్టుకుని మోకాళ్ల మీద పాకుతూ ఇల్లు తుడిచారు. మోకాళ్లు కాయలు కాసేవి, నడుములు పట్టేసేవి.

మానుయెల్ హలోన్ కొరోమినాస్ విమానాల ఇంజినీరు. అమెరికాలో విమానాల మరమ్మతు పని నేర్చుకోవడానికి వెళ్లినప్పుడు అక్కడి షెడ్డుల్లో పనివాళ్లు నిలబడే నేల తుడవడం చూశారు. కర్రకు కట్టిన పీచు, దాన్ని పిండడానికి బకెట్టుకు బిగించిన రోలర్లు. ఇంటికి తిరిగొచ్చి 1956లో సరగోసా నగరంలో ఇళ్లకు పనికొచ్చే నమూనా తయారు చేయించి అమ్మకానికి పెట్టారు. తర్వాత బకెట్టు ప్లాస్టిక్‌ది అయింది, రోలర్ల స్థానంలో చిల్లుల గరాటు వచ్చింది. వాడి పారేసే సిరంజీల తయారీలోనూ ఆయన పేరుంది. 2011లో కన్నుమూశారు. ఆయన పని వల్ల పనమ్మాయిని పిలిచే మాట కర్రకు పేరైంది, మోకాళ్ల మీద ఉన్న మనిషి లేచి నిలబడింది. గొప్ప ఆవిష్కరణలంటే రాకెట్లు, రేడియోలు గుర్తొస్తాయి కానీ, కోట్ల మంది ఆడవాళ్ల నడుము నొప్పి తగ్గించిన ఈ కర్రను ఆ వరసలో పెట్టకపోవడం అన్యాయం.

'స్వేలో' అంటే నేల. 'నాకు అలవాటు' అన్నా 'స్వేలో'యే. కాబట్టి 'స్వేలో ఫ్రెగార్ ఎల్ స్వేలో' అంటే 'నేల తుడవడం నాకు అలవాటు'. మాట్లాడటం మొదలుపెట్టిన వారికి ఇంతకంటే త్వరగా గుర్తుండే వాక్యం దొరకదు.

మన అలమారలో వాళ్ల మాటలు

తెలుగు ఇంట్లోకి స్పానిష్ నేరుగా రాలేదు. కానీ దాని తోబుట్టువు వచ్చింది. పోర్చుగీసువాళ్లు 1498లో కాలికట్‌లో దిగాక వాళ్ల ఓడల్లోని వస్తువులతోపాటు పేర్లు కూడా దిగాయి. వాటిలో చాలావాటికి స్పానిష్‌లో కవలలున్నాయి. మన అలమారకు స్పానిష్‌లో 'అర్మారియో', తువాలుకు 'తొవాయా', బొత్తానికి 'బొతోన్', మేస్త్రీకి 'మాయెస్త్రో'. బాల్చీ పోర్చుగీసు 'బాల్దె' నుంచి వచ్చిందే. స్పానిష్‌లోనూ 'బాల్దె' అంటే బకెట్టు. ఇస్త్రీ అన్నది సాగదీయడం అనే అర్థమున్న 'ఎస్తిరార్' నుంచి వచ్చిందంటారు. స్పానిష్‌లోనూ 'ఎస్తిరార్' అంటే సాగదీయడమే, బట్టలు ఇస్త్రీ చేయడానికి మాత్రం 'ప్లంచార్' అంటారు. పసిపిల్లల్ని చూసుకునే ఆయా కూడా పోర్చుగీసు మాటే, స్పానిష్‌లో 'ఆయా'. బాల్చీతో నీళ్లు తోడి, తువాలుతో తుడుచుకుని, ఇస్త్రీ చొక్కాకు బొత్తాలు పెట్టుకున్న తెలుగువాడు తెలియకుండానే ఐబీరియా మాటలతో ఆ రోజు మొదలుపెట్టాడు.

ఇచ్చిపుచ్చుకోలేని మాటలూ ఉన్నాయి. పక్క వేయడం, పక్క తీయడం అని మనకు రెండు పనులు. రాత్రి పరిచి, పొద్దున చుట్టి మూల పెట్టే చాపల ఇళ్ల మాటలవి. మంచం కదలని ఇళ్ల భాషలో 'అసేర్ ల కామా' అని ఒకటే ఉంది, అదీ పొద్దున దుప్పటి సర్దడానికే. కల్లాపి, ఎంగిలి, మడి లాంటి మాటల్ని స్పానిష్‌లో చెప్పాలంటే రెండు మూడు వాక్యాలు ఖర్చు పెట్టాలి.

'ఊడవాలి' సరే, ఎవరు?

'అయ్ కె బర్రేర్' అంటే 'ఊడవాలి'. 'అయ్ కె సకార్ ల బసూరా' అంటే 'చెత్త బయట పెట్టాలి'. ఎవరు? స్పానిష్ వాక్యం చెప్పదు. తెలుగు వాక్యమూ చెప్పదు. కర్త లేని ఆ వాక్యం విని చీపురు అందుకునేది మాత్రం రెండు చోట్లా ఎక్కువగా ఆడవాళ్లే.

స్పెయిన్‌లో ఒకప్పుడు గృహిణి గుర్తింపు కార్డులో వృత్తి అన్నచోట 'సుస్ లబోరెస్' అని రాసేవారు. 'ఆమె పనులు' అని అర్థం. ఏ పనులో చెప్పనక్కర్లేదు, అవి ఆమెవే. 1975 దాకా అక్కడ పెళ్లయిన స్త్రీ ఉద్యోగంలో చేరాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా భర్త అనుమతి ఉండాలి. భార్య భర్తకు విధేయంగా ఉండాలని చట్టంలోనే రాసుకున్నారు. ఆ ఏడాది మే నెలలో ఆ నిబంధనలు పోయాయి.

ముప్ఫై ఏళ్లకు చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. 2005 జులైలో స్పెయిన్ పౌరస్మృతిలోని 68వ అధికరణాన్ని సవరించారు. కలిసి జీవించడం, పరస్పరం విశ్వాసంగా ఉండటం, ఒకరికొకరు తోడుపడటంతోపాటు, ఇంటి బాధ్యతలనూ పిల్లల, పెద్దల సంరక్షణనూ దంపతులిద్దరూ పంచుకోవాలని చేర్చారు. రిజిస్టరు పెళ్లిలో ఈ అధికరణాన్ని వధూవరుల ముందు చదివి వినిపిస్తారు. అంట్ల గిన్నెలు, పసిపిల్లల గుడ్డలు పెళ్లి ప్రమాణంలోకి ఎక్కాయన్నమాట. చట్టం వచ్చిందని ఇల్లు మారిపోలేదు. 2009-10లో స్పెయిన్ గణాంక సంస్థ జరిపిన సమయ వినియోగ సర్వేలో ఇంటి పనులకు మగవారికన్నా ఆడవారు రోజుకు సుమారు రెండు గంటలు ఎక్కువ వెచ్చిస్తున్నారని తేలింది.

మన దేశపు లెక్క ఇంకా బరువైంది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సర్వేలో, జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనుల్లో గడిపినట్టు వచ్చింది. అసలు చేయి వేయని మగవాళ్లను ఈ సగటులోంచి తీసేశాక మిగిలిన తేడా ఇది.

స్పానిష్‌లో ఇంటి పనుల పంపకానికి మంచి మాట ఉంది. 'మె తోకా'. నా వంతు అని అర్థం. 'ఓయ్ మె తోకా ఫ్రెగార్' అంటే 'ఇవాళ అంట్లు తోమే వంతు నాది'. స్పెయిన్ సమానత్వ మంత్రిత్వ శాఖ ఇంట్లో ఎవరు ఏ పని ఎంతసేపు చేస్తున్నారో నమోదు చేసే మొబైల్ యాప్‌ను 2023లో ప్రకటించింది. దానికి ఈ మాటనే పేరుగా పెట్టింది. 'సాయం చేస్తున్నాను' అనడానికీ 'నా వంతు' అనడానికీ ఎంతో తేడా ఉంది. సాయం చేసేవాడు మానేయొచ్చు. వంతు ఉన్నవాడు మానితే పని ఆగిపోతుంది.

ఇంటి పనిని జీతానికి చేసేవారి పేరు కూడా మారుతూ వచ్చింది. పాత మాట 'క్రియాదా'. పెంచడం అనే క్రియ నుంచి పుట్టింది, యజమాని ఇంట్లో పెరిగిన మనిషి అని. ఇప్పుడు స్పెయిన్‌లో 'ఎంప్లెయాదా దె ఒగార్', అంటే గృహ ఉద్యోగి అంటారు. 2022 సెప్టెంబరులో వచ్చిన ఉత్తర్వుతో వాళ్లకు నిరుద్యోగ భృతి హక్కు దక్కింది. కారణం చూపకుండా తీసేసే వీలు పోయింది. గృహ కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను స్పెయిన్ 2023లో ఆమోదించింది. మెక్సికోలోనూ గృహ కార్మికుల కోసం 2019లో కార్మిక చట్టం మారింది. దానికి ముందు ఏడాదే వచ్చిన అల్ఫోన్సో కువారోన్ సినిమా 'రోమా' ఒక పనమ్మాయి కథ. సబ్బునీళ్లు కుమ్మరించి గచ్చు కడుగుతున్న దృశ్యంతో ఆ సినిమా మొదలవుతుంది.

టెక్సాస్ వంటింట్లో

ఈ పాఠం కొందరు తెలుగువాళ్లకు పరీక్ష కోసం కాదు, రోజువారీ అవసరం. 2020 జనగణన ప్రకారం టెక్సాస్ జనాభాలో నూటికి 39 మంది హిస్పానిక్ మూలాలవారు. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లకు శుభ్రం చేయడానికి వచ్చేవారిలో, తోటపని చేసేవారిలో స్పానిష్ మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు. రెండు వైపులా ఇంగ్లిష్ అరకొరగా ఉన్నచోట సైగలతో పని నడుస్తుంది. అక్కడ హైస్కూలు పూర్తి చేయాలంటే పిల్లలు ఇంగ్లిష్ కాక మరో భాషలో రెండు క్రెడిట్లు సంపాదించాలి. తెలుగు పిల్లల్లోనూ అనేకులు అందుకు స్పానిష్ తీసుకుంటారు. దినచర్య పాఠంతో బడి నుంచి వచ్చిన ఆ పిల్లలే ఇంట్లో దుబాసీలు.

ఆ ఇళ్లలో ముందుగా నేర్వాల్సింది 'ఉస్తెద్'. పని చేయడానికి వచ్చిన పెద్దావిడను 'తూ' అని పిలవడం మన ఇంట్లో వయసులో పెద్దావిడను 'నువ్వు' అన్నట్టే. 'పువేదె లింపియార్ ప్రిమేరో ల కొసీనా, పోర్ ఫవోర్?' అంటే 'ముందు వంటిల్లు శుభ్రం చేస్తారా, దయచేసి?' చివర 'గ్రాసియాస్' అంటే కృతజ్ఞతలు. ఈ రెండు మాటలతో ఆ ఇంట్లో గాలి మారుతుంది.

వీళ్లందరికీ, హైదరాబాద్ తరగతి గదుల్లో 'లావో మి కారా' దగ్గర తడబడే పిల్లలకూ కావాల్సింది ఒకటే. ఇంగ్లిష్ మీదుగా కాకుండా తెలుగు నుంచి నేరుగా స్పానిష్‌లోకి తీసుకెళ్లే చిన్న వాచకం. 'కడుక్కోవడం'తో మొదలుపెట్టి, 'మాడిపోయింది' మీదుగా, 'నా వంతు' దాకా నడిపితే నూరు పేజీలు చాలు. రాయగలిగినవాళ్లు మన విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు, అచ్చు వేయగల సంస్థలు ఉన్నాయి. ఆ పని ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టమని వారిని కోరుతున్నాం. అంతవరకు ఆగలేని పాఠకులు రేపు పొద్దున కుళాయి దగ్గర నిలబడి, ముఖం తుడుచుకున్నాక ఒక్కసారి పైకే అని చూడండి: మె లవే ల కారా.